గాలిలో ఊగే కలువలు: కుంచెతో వేసినట్టు ఫోటో రావాలంటే ఏ పద్ధతి మేలు?

గాలి ఉందంటే కలువల ఫోటోలు కుదరవని చాలామంది కెమెరాని బ్యాగులోంచి బయటికే తీయరు. నా మటుకు ఆ రోజే చెరువు గట్టుకు వెళ్లాలి. కదలని నీటిలో కదలని కలువను ఎవరు తీసినా ఇంచుమించు ఒకేలా ఉంటుంది. గాలి తగిలిందా, పువ్వు కాడతో సహా ఊగుతుంది. ఆకు అంచు పైకి లేచి అడుగున దాగిన ఎర్రటి ఊదా రంగు బయటపడుతుంది. నీటిలో చెట్టు ప్రతిబింబం ముక్కలు ముక్కలై సాగుతుంది. ఇవన్నీ ఒక్క ఫ్రేములో సరిగ్గా పడితే రంగులతో వేసిన బొమ్మే అవుతుంది.

దీనికి దారులు చాలా ఉన్నాయి. ట్రైపాడ్ (మూడుకాళ్ల స్టాండు) మీద పెట్టి, సెన్సర్ మీదికి వెలుతురు వదిలే తలుపైన షట్టర్‌ని ఎక్కువసేపు తెరిచి ఉంచచ్చు (స్లో షట్టర్). ఒకే ఫ్రేములో నాలుగైదు ఎక్స్‌పోజర్లు, అంటే వరుసగా తీసిన షాట్లు, కలపచ్చు (మల్టిపుల్ ఎక్స్‌పోజర్). కెమెరానే కావాలని కదపచ్చు. పువ్వును వదిలేసి దాని ప్రతిబింబాన్నే తీయచ్చు. ఫ్లాష్, ఫోన్, సాఫ్ట్‌వేర్ ఎలాగూ ఉన్నాయి. ఏది ఎంచుకోవాలన్నది మీ దగ్గర ఉన్న కెమెరా కంటే ఆ రోజు వీచే గాలిని, ఆ చెరువులో పూసిన కలువ రకాన్ని బట్టి ఉంటుంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: గాలి బాగా ఉన్నప్పుడు కెమెరాని కదపకండి. ట్రైపాడ్ ఉంటే పావు సెకను నుంచి సెకను లోపు షట్టర్, నీరు నల్లగా కనిపించే చోటు దొరికితే మల్టిపుల్ ఎక్స్‌పోజర్. ఈ రెండూ కుదరనప్పుడే మిగతావాటి జోలికి వెళ్లండి.

బ్లర్ వేరు, కుంచె గీత వేరు

ఈ తరహా ఫోటోలు తీసేవాళ్ల మనసులో ఎక్కడో ఒకచోట చిత్రకారుడు క్లోద్ మోనే ఉంటాడు. 1883లో ఫ్రాన్స్‌లోని జివెర్నీకి మకాం మార్చాడు, 1893లో చెరువు కోసం పక్కనే స్థలం కొన్నాడు, ఆ తర్వాత జీవితాంతం ఆ కలువలనే వేస్తూ పోయాడు. అలా దాదాపు 250 చిత్రాలు తయారయ్యాయి. గోడల పొడవునా పరుచుకున్న పెద్ద చిత్రాలు 1927 నుంచి పారిస్‌లోని ఓరాంజెరీ మ్యూజియంలో ఉన్నాయి. వాటి పెద్ద సైజు ఫోటోలు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. కెమెరా పట్టుకునే ముందు ఒక్కసారి దగ్గరగా జూమ్ చేసి చూడండి.

అందులో మసక తక్కువ, గీతలు ఎక్కువ. కలువాకులు అడ్డంగా, సాగిన కోడిగుడ్డు ఆకారంలో ఉంటాయి. నీటిలో పడిన చెట్ల ప్రతిబింబాలు నిలువు గీతలుగా దిగుతాయి. పువ్వు మాత్రం దట్టంగా అద్దిన రంగు ముద్ద. ప్రతి గీతకీ మొదలు, చివర తెలుస్తాయి. పైగా 1900ల మొదటి ఏళ్లలో మోనే గట్టునీ ఆకాశాన్నీ ఫ్రేములోంచి తీసేశాడు. ఆకాశం నీటిలో మాత్రమే ఉంటుంది.

మన పనికి ఇందులోంచి మూడు విషయాలు దొరుకుతాయి. పువ్వుకో ఆకుకో ఎక్కడో ఒకచోట అంచు నిలవాలి, అంతా కరిగిపోకూడదు. అడ్డం గీతలు, నిలువు గీతలు రెండూ బతకాలి. గట్టు, అవతలి చెట్లు, ఆకాశం ఫ్రేములోకి రాకూడదు. కింద చెప్పే ప్రతి పద్ధతినీ ఈ మూడింటితోనే తూచాను.

ముందు గాలి సంగతి, తర్వాత పువ్వు సంగతి

ఫోన్‌లో వాతావరణం యాప్ గాలి వేగం గంటకు ఇన్ని కిలోమీటర్లని చూపిస్తుంది. 6 నుంచి 11 దాకా ఉంటే పిల్లగాలి: మొహానికి తగులుతుంది, ఆకులు గలగలమంటాయి, నీటి మీద సన్నటి అలలు లేస్తాయి. 12 నుంచి 19 ఉంటే ఆకులూ చిన్న కొమ్మలూ ఆగకుండా కదులుతుంటాయి. 20 దాటితే దుమ్ము, కాగితం ముక్కలు లేస్తాయి. స్లో షట్టర్‌కి మధ్యది అన్నిటికంటే మేలు. పిల్లగాలిలో ప్రతిబింబాలు, మల్టిపుల్ ఎక్స్‌పోజర్లు బాగుంటాయి. 20 దాటాక పువ్వు వంగిపోయి ఆకులు తిరగబడుతుంటాయి కాబట్టి 1/15, 1/30 సెకను షట్టర్ కూడా సరిపోతుంది. యాప్ చెప్పేది ఆ ప్రాంతం మొత్తానికి అంచనా. చెరువు దగ్గర చెట్టో గోడో అడ్డం ఉంటే లెక్క మారిపోతుంది. అసలు కొలత మీ ముందున్న పువ్వే.

ఇక పువ్వు. మన చెరువుల్లో కనిపించే ఎర్రకలువలు, తెల్లకలువలు చాలావరకు రాత్రి పూచే రకాలు. చీకటి పడే వేళకు విచ్చుకుని, మర్నాడు పొద్దెక్కి తొమ్మిదీ పది అయ్యేసరికి ముడుచుకుంటాయి. నీలి కలువ పగటిది, ఉదయం విచ్చుకుని సాయంత్రం కాకముందే మూసుకుంటుంది. కోస్తాలో సముద్రపు గాలి పొద్దెక్కాక గానీ మొదలవదు. అప్పటికి ఎర్రకలువ కళ్లు మూసుకుంటూ ఉంటుంది. అందుకని కోస్తా చెరువుల్లో గాలితో పని ఉంటే నీలి కలువలున్న చోటు వెతుక్కోండి. ఎర్రకలువే కావాలంటే జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలులు వీచే రోజులు చూసుకోండి. పొద్దున్నే గాలి ఉంటుంది, మబ్బూ ఉంటుంది, చెరువుల్లోకి నీళ్లు వస్తుంటాయి. తెలంగాణ, రాయలసీమల్లో కూడా ఈ పనికి ఇదే అదను.

మన నేల కలువలు నీటిమీద జానెడు ఎత్తున కాడ మీద నిలబడతాయి, కాబట్టి ఊగుతాయి. చలి దేశాల కలువలు ఎక్కువగా నీటికి ఆనుకుని తేలుతుంటాయి. జివెర్నీ చెరువుకి లతూర్-మార్లియాక్ నర్సరీ నుంచి వెళ్లినవి చాలావరకు ఆ బాపతే. అలాంటివి గాలికి ఊగవు, అలతో పాటు కాస్త లేచి దిగుతాయి. అక్కడ మీకు దొరికే కదలిక నీటిది. ఇంగ్లండ్‌లోనో అమెరికాలో చలి రాష్ట్రాల్లోనో ఉండేవాళ్లు ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి, లేకపోతే ఎంతసేపు షట్టర్ తెరిచినా పువ్వు కదల్లేదేంటని టెన్షన్ పడతారు. తామర దీనికి పూర్తిగా తిరుగు. కాడ పొడుగు, ఆకు పెద్దది, తెరచాపలా గాలి పడుతుంది. కలువకు పావు సెకను ఇచ్చే చోట తామరకు 1/15 చాలు.

ట్రైపాడ్ మీద స్లో షట్టర్

నాకు అన్నిటికంటే ఇష్టమైన పద్ధతి ఇదే, అందుకే దీని మీద కాస్త ఎక్కువ చెబుతాను. కెమెరా కదలదు. కాబట్టి నీటికి ఆనుకున్న ఆకులు, మునిగిన మొగ్గలు, ఎండిన రెల్లు దుబ్బు లాంటివి స్పష్టంగా నిలుస్తాయి. ఊగే పువ్వు మాత్రమే రంగై సాగుతుంది. కంటికి ఆనడానికి ఒక చోటు ఉంటుంది కాబట్టి సాగిన రంగు కావాలని వేసిన గీతలా కనిపిస్తుంది.

షట్టర్ ఎంతసేపు అన్నదే ఇక్కడి అసలు ప్రశ్న. ఊగే పువ్వును కాసేపు గమనించండి. అది అటు చివరికి వెళ్లి క్షణం ఆగినట్టై, మళ్లీ వెనక్కి వస్తుంది. మధ్యలో వేగం ఎక్కువ, రెండు కొసల్లో తక్కువ. రెండు మూడు సెకన్లు షట్టర్ తెరిచి ఉంచితే పువ్వు ఆగిన ఆ రెండు కొసల్లో రెండు లేత పువ్వులు పడతాయి, మధ్యలో పల్చటి తెర ఉంటుంది. అంతకంటే పొడిగిస్తే అదీ పోయి పొగ మిగులుతుంది. పావు సెకను నుంచి అర సెకను మధ్యలో అయితే ఊపులో ఒక ముక్కే దొరుకుతుంది, అంటే ఒక గీత. పువ్వు కొసకి చేరి ఆగబోతున్నప్పుడు బటన్ నొక్కండి. ఆగిన క్షణంలో రేకల అంచులు పడతాయి, అక్కడి నుంచి వెనక్కి మళ్లిన కదలిక రంగు తోకలా సాగుతుంది. రేకల కొసలు గుర్తుపట్టేలా ఉండి, వాటి వెనక రంగు సాగితే చూసేవాళ్లకి కుంచె ఎక్కడ ఆనిందో, ఎటు లాగారో తెలుస్తుంది. ఊగే లయ చేతికి అలవాటు కావడానికి కాసేపు పడుతుంది, ఆ తర్వాత కళ్లు వ్యూఫైండర్‌లో పెట్టకుండా నేరుగా పువ్వును చూస్తూ నొక్కేస్తారు.

ఇందుకోసం కెమెరాని తాకకుండా బటన్ నొక్కే కేబుల్ రిలీజో రిమోటో తప్పనిసరి. రెండు సెకన్ల టైమర్ కెమెరా అదురుని ఆపుతుంది గానీ, సరిగ్గా కావలసిన క్షణాన్ని మీ చేతిలో ఉంచదు. ఈ ఒక్క పనికి టైమర్ పనికిరాదు.

వెలుతురు లెక్క ఇలా ఉంటుంది. మబ్బు పట్టిన రోజు ఐఎస్ఓ (వెలుతురుకి సెన్సర్ స్పందించే స్థాయి) 100, ఎఫ్/16 (లెన్సు రంధ్రం, అంటే అపెర్చర్, బాగా చిన్నది) దగ్గర షట్టర్ సుమారు 1/12 సెకను వస్తుంది. మెరుపుని తగ్గించే ఫిల్టరైన పోలరైజర్ బిగిస్తే వెలుతురు ఒకటిన్నర, రెండు స్టాపులు తగ్గి (ఒక స్టాపు అంటే వెలుతురు సగం కావడం) పావు సెకను దగ్గరికి చేరుతుంది. అంటే మబ్బు రోజున, రంగు మార్చకుండా వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ లేకపోయినా పని జరిగిపోతుంది. ఎండలో అయితే అదే సెట్టింగుకి 1/100 వస్తుంది, ఆరు స్టాపుల ఎన్‌డీ64 పెడితే అర సెకను దాటుతుంది. ఒక్క ఫిల్టరే కొంటానంటే ఎన్‌డీ64 తీసుకోండి. ఎండలో ఎఫ్/16, మబ్బులో ఎఫ్/5.6 పెట్టుకుంటే రెండుచోట్లా ఒకే షట్టర్ దొరుకుతుంది. జలపాతాల కోసం కొనే పది స్టాపుల ఫిల్టర్ ఇక్కడ బరువే, పువ్వును పొగ చేస్తుంది. తిప్పితే మారే వేరియబుల్ ఎన్‌డీ సౌకర్యమే, కానీ లోపల ఉన్నవి రెండు పోలరైజర్లు. నీటి మెరుపుని తన ఇష్టం వచ్చినట్టు తగ్గిస్తుంది, బాగా తిప్పితే వైడ్ లెన్సు మీద నల్లటి అడ్డ చారలు వస్తాయి. కలువలకి నేను దాన్ని సిఫారసు చేయను.

పోలరైజర్ విషయంలో ఒక జాగ్రత్త. నీటి ఉపరితలానికి 37 డిగ్రీల వాటంలో చూస్తున్నప్పుడు అది ప్రతిబింబాన్ని దాదాపు పూర్తిగా తుడిచేస్తుంది. నీటి అడుగున బురద, నాచు బయటపడతాయి. ఆకుల మీద తెల్లటి మెరుపు పోవాలి, నీటిలో ఆకాశం రంగు మాత్రం ఉండాలి. అందుకని పూర్తిగా తిప్పకుండా సగంలో ఆపండి. ప్రతిబింబం పోతే మోనే గురించి మనం మాట్లాడుకున్న నిలువు గీతలే పోతాయి.

గట్టు మీద ట్రైపాడ్ పెట్టడమూ ఒక విద్యే. తడి మట్టిలో కాళ్లు మెల్లగా దిగబడతాయి. పెట్టాక ఒకసారి గట్టిగా నొక్కి, కాసేపు ఆగి మొదలుపెట్టండి. మధ్య గొట్టం పైకి లేపకండి. కెమెరా పట్టీ విప్పేయండి, గాలికి అది కొట్టుకుంటూ ఉంటే ఆకులు కూడా మసకబారతాయి. లెన్సులో స్టెబిలైజేషన్ (చేతి వణుకుని సరిదిద్దే సదుపాయం) ఆపేయండి. ఫోకస్ పువ్వు ఊగే దారిలో మధ్యన పెట్టి మాన్యువల్‌కి మార్చండి. తెల్లకలువ అయితే ఎక్స్‌పోజర్ పావు నుంచి అర స్టాపు తగ్గించండి, రేకలు తెల్లగా పేలిపోతే తర్వాత ఏం చేసినా తిరిగి రావు.

మల్టిపుల్ ఎక్స్‌పోజర్

స్లో షట్టర్ ఇచ్చేది సాగిన గీత. మల్టిపుల్ ఎక్స్‌పోజర్ ఇచ్చేది పక్కపక్కన అద్దిన రంగు. ఒక్కో ఎక్స్‌పోజర్ 1/60, 1/125 లాంటి వేగంలో ఉంటుంది కాబట్టి ప్రతిసారీ పువ్వు అంచుతో సహా పడుతుంది, కానీ ప్రతిసారీ కొంచెం వేరే చోట. కుంచెతో అద్దినట్టుండే ముద్దలు కావాలంటే దీనికి మించింది లేదు.

కానన్, నికాన్, ఫుజీఫిల్మ్‌ల చాలా మోడళ్లలో ఈ సదుపాయం కెమెరాలోనే ఉంటుంది, తొమ్మిదీ పది ఎక్స్‌పోజర్ల దాకా కలపనిచ్చేవి కూడా ఉన్నాయి. ఎన్ని కలపాలి? అక్కడే చాలామంది ఎక్కువకి పోతారు. యావరేజ్ మోడ్‌లో తొమ్మిది కలిపితే ఒక్కో చోట పువ్వు తొమ్మిదో వంతే కనిపిస్తుంది, అంటే దాదాపు కనిపించదు. పువ్వు బాగా ఊగుతుంటే మూడు, నాలుగు చాలు. పువ్వు పెద్దగా ఊగక అక్కడక్కడే మెదులుతుంటే ఏడెనిమిది కలపచ్చు, అంచులు వెల్వెట్‌లా మెత్తబడతాయి.

మోడ్ ఎంపిక ఇంకా ముఖ్యం. లైటెన్ లేదా బ్రైట్ అనే మోడ్ ప్రతి ఎక్స్‌పోజర్‌లోనూ వెలుతురు ఎక్కువున్న భాగాన్నే ఉంచుతుంది. గట్టు మీద మర్రిచెట్టు నీడ పడి నీరు నల్లగా ఉన్న చోట తెల్లకలువ ఊగుతోందనుకోండి. ఈ మోడ్‌లో నాలుగు ఎక్స్‌పోజర్లు తీస్తే పల్చబడకుండా నాలుగు తెల్లటి అద్దకాలు పడతాయి, నీరు నల్లగానే ఉంటుంది. ఆకాశం మెరిసే నీటిలో మాత్రం ఈ మోడ్ పనిచేయదు, మెరుపంతా పోగుపడి పువ్వును మింగేస్తుంది. అక్కడ యావరేజ్‌కి మారండి. పాత కెమెరాల్లో వెలుతురుని కూడుతూ పోయే ఆడిటివ్ మోడ్ మాత్రమే ఉంటే ఎక్స్‌పోజర్ మీరే తగ్గించుకోవాలి: నాలుగు కలిపితే రెండు స్టాపులు, ఎనిమిదైతే మూడు.

ట్రైపాడ్ మీద తీస్తే ఆకులు కదలవు, పువ్వు మాత్రం నాలుగైదు చోట్ల పడుతుంది. చేత్తో పట్టుకుని తీస్తే ఆకులు కూడా రెండు మూడు అంచులతో వస్తాయి. నాకు రెండోదే ఎక్కువ నచ్చుతుంది, చేతి సహజమైన వణుకు చాలు, వేరే కదపనక్కర్లేదు. చెక్క వంతెనల మీద నిలబడి తీయాల్సిన తోటల్లో కూడా ఈ పద్ధతే శరణ్యం. వాషింగ్టన్ డీసీలోని కెనిల్‌వర్త్ కలువల తోటకి జులైలో మనవాళ్లు చాలామంది వెళ్తుంటారు. అలాంటి చోట్ల చెక్క దారి మీద ఎవరైనా నడిస్తే ట్రైపాడ్ అదురుతుంది, అర సెకను షట్టర్ వృథా.

కెమెరాలో ఈ సదుపాయమే లేకపోతే బర్స్ట్‌లో వరుసగా పది ఇరవై తీసి, ఫొటోషాప్, అఫినిటీ లాంటి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లో ఒకదానిమీద ఒకటి పేర్చి కలపండి. ఎన్ని కలపాలో ఇంటికొచ్చాక నింపాదిగా తేల్చుకోవచ్చు. ఫలితం కెమెరాలో కలిపిన దానికి ఏమాత్రం తీసిపోదు. కాకపోతే చెరువు దగ్గర తెర మీద చూసి వెంటనే దిద్దుకునే వీలు ఉండదు. నేర్చుకునే దశలో ఆ తేడా పెద్దది.

కెమెరాని కదపడం

షట్టర్ 1/8 నుంచి అర సెకను మధ్య పెట్టి, నొక్కుతూనే కెమెరాని పక్కకో పైకో జరపడం. ఫిల్టర్ తప్ప ఏమీ అక్కర్లేదు, ట్రైపాడ్ లేదు, ఎవరైనా మొదటిరోజే ఏదో ఒకటి తీసేయగలరు. అందుకే దీనికి అంత పేరు. కానీ కలువల విషయంలో దీనికి ఒక చిక్కుంది. నిలువుగా జరిపితే ప్రతిబింబాలు బాగా సాగుతాయి, అడ్డంగా ఉన్న ఆకులు చెదిరిపోతాయి. అడ్డంగా జరిపితే ఆకులు రిబ్బన్లలా మిగులుతాయి, నిలువు ప్రతిబింబాలు తుడిచిపెట్టుకుపోతాయి. ఎటు జరిపినా రెండింటిలో ఒకటి పోతుంది. పైగా పువ్వు, ఆకు, నీరు అన్నీ ఒకే దిక్కులో, ఒకే పొడవున సాగుతాయి. గాలి ఆ పని చేయదు, పువ్వును ఒకలా, ఆకును ఒకలా, నీటిని ఇంకోలా కదుపుతుంది.

అయితే గాలి అసలే లేని రోజున ఇదే దిక్కు. పువ్వులు లెక్కలేనన్ని, దూరంగా, ఒకే రంగులో పరుచుకున్న చోట కూడా ఇదే మేలు. కేరళలో కొట్టాయం దగ్గర మలరిక్కల్ అనే ఊళ్లో వానాకాలంలో పొలాల నిండా గులాబీ కలువలు పూస్తాయి. అలాంటి చోట ఒక్కో పువ్వు ఊగడం ఎటూ కనిపించదు, అడ్డంగా మెల్లగా జరిపితే పచ్చ మీద గులాబీ పట్టీలు వస్తాయి. జరపడం షట్టర్‌కి ముందే మొదలుపెట్టి, మూసుకున్నాక కూడా కొనసాగించండి, లేకపోతే మొదట్లో కుదుపు పడుతుంది.

పువ్వును వదిలి ప్రతిబింబాన్ని తీయడం

దీని గురించి తక్కువమంది మాట్లాడతారు, పిల్లగాలి రోజుకి ఇంతకంటే మంచిది లేదు. నీటికి కాస్త ఎత్తున నిలబడిన కలువ ఎంచుకుని, కెమెరాని కిందికి దించి, ఫ్రేములో ప్రతిబింబమే ఎక్కువ ఉండేలా కూర్చుకోండి. ఫోకస్ కూడా నీటి ఉపరితలం మీద కాదు, ప్రతిబింబంలోని పువ్వు మీద పెట్టండి. ఆ రెండు దూరాలూ వేరు. అలలు పువ్వు ఆకారాన్ని నిలువుగా సాగదీసి పొరలు పొరలుగా విడగొడతాయి. 1/250 దగ్గర ఆ పొరల అంచులు పదునుగా, చుట్టలు చుట్టలుగా వస్తాయి. 1/30 దగ్గర మెత్తబడతాయి. అర సెకనుకి అంతా కలిసిపోయి ఒట్టి రంగు మిగులుతుంది. అంటే ఇక్కడ నెమ్మది షట్టర్ నష్టమే, 1/60 నుంచి 1/125 మధ్యలో ఉండండి. తర్వాత ఫోటోని తలకిందులు చేసి చూడండి, పువ్వు నిటారుగా నిలబడి నీటిరంగుల బొమ్మలా కనిపిస్తుంది. ఫిల్టర్లు, ట్రైపాడ్ ఏవీ అక్కర్లేదు. గాలి పెరిగి అలలు గట్టిగా లేస్తే మాత్రం ప్రతిబింబం పూర్తిగా విరిగిపోతుంది, అప్పుడు వదిలేసి స్లో షట్టర్‌కి వెళ్లండి.

ఫ్లాష్, ఫోన్, సాఫ్ట్‌వేర్

ఫ్లాష్ ఎప్పుడో గానీ అక్కర్లేదు. చీకటి పడుతుండగా ఎర్రకలువ విచ్చుకునే వేళ, రియర్ కర్టెన్ సింక్ (షట్టర్ మూసుకునే ముందు ఫ్లాష్ వెలిగే పద్ధతి) పెట్టి, ఫ్లాష్ బలం 1/16కో 1/32కో తగ్గించి కొడితే రంగు తోక చివర పదునైన పువ్వు పడుతుంది. పగలు కొడితే రేకలు చదునుగా, ప్లాస్టిక్‌లా కనిపిస్తాయి.

ఫోన్‌ని తక్కువ చేయకండి. ఐఫోన్‌లో లైవ్ ఫోటో నొక్కడానికి ముందు ఒకటిన్నర సెకను, తర్వాత ఒకటిన్నర సెకను రికార్డు చేస్తుంది. దాన్ని లాంగ్ ఎక్స్‌పోజర్‌గా మారిస్తే ఆ మూడు సెకన్ల కదలికా కలిసిపోతుంది. మూడు సెకన్లంటే ఊగే పువ్వుకి ఎక్కువే, కాబట్టి మెల్లగా మెదిలే పువ్వుల్ని, అలల్ని ఎంచుకోండి. పిక్సెల్ ఫోన్లలోనూ లాంగ్ ఎక్స్‌పోజర్ మోడ్ ఉంది. శాంసంగ్ లాంటి వాటిలో ప్రో మోడ్‌లో షట్టర్ మార్చుకోవచ్చు గానీ చాలా ఫోన్లలో లెన్సు అపెర్చర్ మూయడానికి వీలుండదు, పగటి వెలుతురులో అర సెకను పెడితే తెర తెల్లబోతుంది. దానికి క్లిప్‌తో తగిలించే ఎన్‌డీ ఫిల్టర్ కావాలి, లేదంటే సంధ్యవేళ దాకా ఆగాలి. ఇంకో ఇబ్బంది దూరం. కలువ గట్టుకు దగ్గరగా ఉంటే సరే, లేకపోతే ఫోన్ జూమ్ చాలక గట్టు, ఆకాశం ఫ్రేములోకి వచ్చేస్తాయి. కెమెరాకైతే 70-300 మి.మీ. లాంటి జూమ్ లెన్సు ఈ పనికి చక్కగా సరిపోతుంది.

సాఫ్ట్‌వేర్లో ఆయిల్ పెయింట్ ఫిల్టర్ల గురించి ఒక్కటే చెబుతాను. అవి రేకకీ, ఆకుకీ, నీటికీ ఒకే కొలత గీత వేస్తాయి. చిత్రకారుడు చేసేది సరిగ్గా దానికి తిరుగు. గాలి నిజంగా వేసిన గీతలు దొరుకుతున్నప్పుడు ఫిల్టర్ వేసే గీతల్ని కొనుక్కోవడం నాకు మనసొప్పదు. మీరు ఎడిటింగులో చేయాల్సిందల్లా కాంట్రాస్ట్ కాస్త తగ్గించడం, ముదురు పచ్చని కొంచెం నీలం వైపు తిప్పడం, క్లారిటీ, షార్పెనింగ్ జోలికి పోకపోవడం. ఎఫ్/16లో తీస్తే సెన్సర్ మీద దుమ్ము చుక్కలు నీటి భాగంలో కనిపిస్తాయి, వాటిని తుడిచేయండి.

మీ పరిస్థితికి ఏది

ట్రైపాడ్, రిమోట్ ఉండి, గాలి గంటకు 12 నుంచి 19 మధ్య వీస్తూ, కాడ మీద నిలబడే కలువలు దొరికితే ఇంకేం ఆలోచించకండి, స్లో షట్టరే. ట్రైపాడ్ లేదు లేదా తోటలో అనుమతించరు అంటే చేత్తో మల్టిపుల్ ఎక్స్‌పోజర్. కొన్ని తోటల్లో ట్రైపాడ్‌కి వేరే అనుమతి కావాలి, గేటు దగ్గరే అడిగేయండి. నీటికి ఆనుకుని తేలే రకాలైతే పువ్వు కదలిక కోసం చూడకుండా ప్రతిబింబాలకి వెళ్లండి. గాలి తెరలు తెరలుగా వచ్చి ఆగిపోతుంటే స్లో షట్టర్ సగం ఫ్రేముల్లో ఏమీ పట్టదు, బర్స్ట్ తీసి తర్వాత కలపడం నయం. మొదటిసారి ప్రయత్నిస్తూ, ఏమీ కొనదల్చుకోకపోతే, పిల్లగాలి ఉన్న ఉదయం 1/60 షట్టర్‌తో ప్రతిబింబాల దగ్గర మొదలుపెట్టండి. డబ్బు పెట్టదల్చుకుంటే ముందు రిమోట్, తర్వాత పోలరైజర్, ఆ తర్వాతే ఎన్‌డీ64. కొత్త లెన్సు ఆఖరిది.

ఏ పద్ధతైనా ఒకే పువ్వు దగ్గర చాలాసేపు ఉండండి. చెరువంతా తిరిగి ఒక్కోచోట ఒక్కో ఫ్రేము తీసేకంటే, ఒక పువ్వు ఊపుని పట్టుకుని ముప్పై నలభై తీస్తే అందులో రెండు నిలుస్తాయి. దగ్గరికి రావడం కోసం కాడ పట్టుకుని లాగకండి, నీళ్లలోకి దిగకండి. కలువ తీగలున్న చోట లోతు తెలియదు, కాళ్లకి చుట్టుకుంటాయి.

ఫ్రేములు ఏరేటప్పుడు పెద్ద తెర మీద కాకుండా ముందు చిన్న సైజులో చూడండి. చిన్నగా ఉన్నప్పుడు కూడా అది కలువ అని తెలిసి, దగ్గరికి వెళ్తే గీతలు కనబడితే ఉంచండి. చిన్నగా చూస్తే ఏంటో తెలియనిది ఎంత అందమైన రంగులున్నా పక్కన పెట్టండి. ప్రింట్ వేయించాలంటే గ్లాసీ వద్దు, మెరుపు ఈ మెత్తదనాన్ని చంపేస్తుంది. చాలా స్టూడియోలవాళ్లు కాన్వాస్ మీద వేయమంటారు, పెయింటింగ్‌లా ఉంటుంది కదా అని. కాన్వాస్ నేత మీరు తీసిన సన్నటి గీతల మీద పడి వాటిని కప్పేస్తుంది. మందమైన మ్యాట్ కాగితం అడగండి, కనీసం 12 బై 18 అంగుళాలు.